ఎఫ్‌ఎంజీఈ కేస్ క్వశ్చన్లు: చదివింది గుర్తొస్తోంది, ఆన్సర్ మాత్రం తప్పు పోతోంది

కొత్తగూడెం_కుర్రాడు | రాత్రి 10:42

అందరికీ నమస్తే. నేను కిర్గిజ్‌స్తాన్‌ల ఎంబీబీఎస్ చేసి వచ్చిన, ఎఫ్‌ఎంజీఈ, అంటే బయటి దేశంల చదివినోళ్లు ఇక్కడ డాక్టర్‌గ చేయాల్నంటే పాసవ్వాల్సిన పరీక్ష, రెండుసార్లు రాసిన. మొదటిసారి 131, రెండోసారి 144. పాసవ్వాల్నంటే 300 కి 150 రావాలె, ఆరంటే ఆరు మార్కులు తక్కువ పడ్డయ్. ఇంట్ల ఎవ్వరూ ఒక్క మాట అనట్లేదు, అదే ఇంకా ఎక్కువ బాధయితుంది. మా నాన్న సింగరేణిల రిటైరయినప్పుడు వచ్చిన పైసలతోని పంపిండు నన్ను.

నా ప్రాబ్లం ఏందంటే ఒక్క లైన్ క్వశ్చన్లు బానే పడతయ్, ఫలానా జబ్బుకి డ్రగ్ ఆఫ్ చాయిస్ ఏంది అంటే టక్కున చెప్త. అదే జబ్బుని పేషెంట్ కథ లెక్క నాలుగైదు లైన్లల్ల ఇస్తే ఆఖరికి రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోయి తప్పుదే పెడుతున్న. నిన్న గ్రాండ్ టెస్ట్‌ల (ప్రాక్టీస్‌కి పెట్టే ఫుల్ మోడల్ పరీక్ష) వచ్చింది చూడండి. 35 ఏళ్ల రైతు, పురుగుమందు తాగిండు, నోట్లనుంచి నురగ, కంటిపాపలు సూదిమొన అంత, పల్స్ 48. అట్రోపిన్ మొదలుపెట్టిన్రు. డోస్ సరిపోయింది అని దేన్ని బట్టి చెప్తవ్ అని. కంటిపాపలు పెద్దగవుడు అని పెట్టిన. ఊపిరితిత్తులు క్లియర్ అవుడు కరెక్ట్ అట. రెండూ అట్రోపిన్ ఎఫెక్టే కదా, మరి అదే ఎందుకు? కేసులు ఎట్ల ప్రాక్టీస్ చేయాల్నో తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

పల్లెడాక్టర్ | రాత్రి 11:05

తమ్ముడూ, 144 తెచ్చుకున్నోడికి చదువు లేక కాదు. నేనూ చైనాలో చదివి వచ్చి ఈ పరీక్ష రాసినవాడినే, ఇప్పుడు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని.

నీ క్వశ్చన్‌కి వద్దాం. ఆ రైతు చచ్చిపోతే దేనివల్ల చచ్చిపోతాడు? కంటిపాప చిన్నదయ్యి ఎవరూ చావరు. ఊపిరితిత్తుల్లో నీరు ఊరి, మెత్తటి గుడ్డ తడిసినట్టు తడిసి, గాలి ఆడక పోతాడు. మనం అట్రోపిన్ ఇచ్చేది ఆ ఊట ఆపడానికి, పల్స్ నిలబెట్టడానికి. అందుకే స్టెతస్కోప్ పెట్టి గురగుర పోయిందా, పల్స్ 80 దాటిందా, పై బీపీ 80 దాటిందా, చంక ఆరిందా అని చూస్తాం. పాపలు కూడా చూస్తాం, కానీ అవి ఆలస్యంగా మారొచ్చు, మందు కంట్లో చిందితే అదొక్కటే చాలాసేపు చిన్నగానే ఉండిపోవచ్చు. దాన్ని నమ్ముకుని డోస్ పెంచుకుంటూ పోతే పేషెంట్‌కి అట్రోపిన్ ఎక్కువైపోతుంది.

నేను చేసింది ఏంటంటే ప్రతి కేస్ క్వశ్చన్‌కి ఆప్షన్లు చేత్తో మూసేసి ముందు ఒకటే అడుక్కునేవాడిని, ఈ మనిషిని ఇప్పుడు ఏది చంపబోతోంది అని. ఎమర్జెన్సీ కేసుల్లో సగం ఆన్సర్ అక్కడే దొరుకుతుంది. నీకు పుస్తకంలో సైడ్ ఎఫెక్టుల లిస్టు గుర్తుంది, మంచం మీద మనిషి కనపడట్లేదు, అంతే తేడా.

నైట్_స్టాఫ్‌నర్స్ | రాత్రి 11:31

నేను డాక్టర్‌ని కాదు, జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్‌నర్స్‌ని, మా తమ్ముడు జార్జియాలో చదువుతున్నాడు వాడి కోసం ఇక్కడ చదువుతూ ఉంటాను. సార్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. మా మెడికల్ వార్డులో వానాకాలం మొదలైందంటే ఈ కేసులే ఎక్కువ. మొదట్లో ఒక డాక్టర్ గారు నా చెయ్యి పట్టుకుని పేషెంట్ చంకలో పెట్టించారు, తడిగా ఉంటే నన్ను పిలువు, పొడిగా ఉంటే చార్టులో రాయి అన్నారు. డోస్ 1.8 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5 నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోతారు, ఆరిపోయాక డ్రిప్‌లో పెడతారు.

ఎక్కువైతే ఎలా తెలుస్తుందో కూడా అడుగుతారు చూసుకో తమ్ముడూ. ఒళ్ళు కాలిపోతుంది, మంచం మీద గుడ్డలు పీక్కుంటూ ఏదేదో మాట్లాడతారు, కడుపులో పేగు శబ్దం వినపడదు, యూరిన్ ఆగిపోతుంది. అప్పుడు కాసేపు ఆపి మళ్ళీ తక్కువ మీద మొదలుపెట్టమంటారు.

ఇంకొకటి. బాగైపోయాడు, ఇంటికి పోతాం అని వాళ్ళవాళ్ళు గొడవ చేసేది రెండోరోజు మూడోరోజు. అప్పుడు మేం దిండు మీంచి తల ఎత్తమంటాం. ఎత్తలేకపోతే వెంటనే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తాం.

కొత్తగూడెం_కుర్రాడు | రాత్రి 11:40

సిస్టర్ అది ఇంటర్మీడియెట్ సిండ్రోమ్ కదా! 24 నుంచి 96 గంటల మధ్యల. ఇదే గ్రాండ్ టెస్ట్‌ల వేరే క్వశ్చన్ ఉండె, మూడో రోజు మెడ లేపలేకపోతున్నడు, శ్వాస తగ్గుతుంది, ఏం చేస్తవ్ అంటే నేను అట్రోపిన్ పెంచుత అని పెట్టిన. అది నికోటినిక్, కండరం కాడ ప్రాబ్లం, అట్రోపిన్ అక్కడ పని చెయ్యదు. ఊపిరి చూసుకుని వెంటిలేటర్ పెట్టాలె. ఈ లైన్ నా నోట్స్‌ల రెడ్ పెన్నుతోని రాసి ఉంది, అయినా తప్పు పెట్టిన. దిండు మీంచి తల ఎత్తుడు అని మీరు చెప్పినంక ఇగ మర్చిపోను.

దవావో_రిటర్న్ | రాత్రి 11:58

హాయ్, నేను ఫిలిప్పీన్స్ బ్యాచ్, పోయినసారి పాస్ అయ్యాను 168 తో. అన్న చెప్పింది కరెక్టే కానీ అందరికీ ఒకే మందు పనిచేయదు. చాలామంది చివరి లైన్ ముందు చదవమంటారు కదా, అంటే ఏం అడుగుతున్నాడో చూసుకుని తర్వాత కథలోకి వెళ్ళమని, నేను అలా చేసి మూడు నెలలు మార్కులు పోగొట్టుకున్నాను, ఎందుకంటే చివరి లైన్‌లో డయాగ్నోసిస్ ఏంటి అని ఉంటే నా బుర్ర మొదటి క్లూ దొరగ్గానే ఆగిపోయేది, మిగతా కథ కళ్ళతో చదివేదాన్ని కానీ బుర్రకి ఎక్కేది కాదు. తర్వాత మామూలుగా పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాక సెట్ అయింది.

టైమ్ గురించి కూడా చెప్తా. 300 క్వశ్చన్లు, రెండు పార్టులు, ఒక్కో పార్టుకి 150 క్వశ్చన్లు 150 నిమిషాలు, అంటే నిమిషానికి ఒకటి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు. ఒక లైన్ క్వశ్చన్లు 20 సెకన్లలో అయిపోతే మిగిలిన 40 సెకన్లు కేసుకి వాడుకోవచ్చు, ఆ లెక్క ఇంట్లో ప్రాక్టీస్ చేయకుండా పరీక్ష రోజు రాదు.

పల్లెడాక్టర్ | ఉదయం 6:20

ఒప్పుకుంటానమ్మా. చివరి లైన్ ముందు చదవడం నాకు పనికొచ్చింది, నీకు రాలేదు. పది కేసులు అలా, పది కేసులు ఇలా చేసి ఎందులో తప్పులు తక్కువో లెక్కేసుకోవడమే.

గైనిక్_పీజీ | ఉదయం 7:15

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను ఈ థ్రెడ్. మాటలు ఎన్ని చెప్పుకున్నా ఒక కేసు చేస్తే వచ్చినంత రాదు, కాబట్టి ఒకటి పెడుతున్నాను. నేనే రాశాను, ఎక్కడిదో కాపీ కాదు. ఒక్కటే కండిషన్: ఆన్సర్ పెట్టి ఊరుకోవద్దు, మిగతా మూడూ ఎందుకు కాదో కూడా రాయండి.

26 ఏళ్ళు, రెండో కాన్పు, నార్మల్ డెలివరీ. చిన్నప్పటి నుంచి ఆయాసం, ఇన్‌హేలర్ వాడుతుంది. ఎనిమిదో నెల నుంచి బీపీ 150/100. మాయ మొత్తం వచ్చేసింది, చిరుగులు ఏమీ లేవు. పది నిమిషాలకి రక్తం ధారగా పోతోంది, గర్భసంచి బొడ్డు పైన మెత్తగా తగులుతోంది. మసాజ్ చేస్తున్నారు, ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తోంది, అయినా తగ్గలేదు. తర్వాత ఏ మందు?

ఎ. మిథైల్ ఎర్గోమెట్రిన్
బి. కార్బోప్రోస్ట్
సి. మిసోప్రోస్టాల్
డి. మెగ్నీషియం సల్ఫేట్

తెనాలి_తమ్ముడు | ఉదయం 8:02

బి అక్కా. ఎటోనిక్ పీపీహెచ్, అంటే కాన్పు తర్వాత గర్భసంచి బిగుసుకోక రక్తం పోవడం, ఆక్సిటోసిన్‌కి తగ్గకపోతే కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండకి ఇంజెక్షన్. ఎ లో ఉన్న మిథర్జిన్ బీపీ ఉంది కాబట్టి కాదు. మెగ్నీషియం ఫిట్స్ రాకుండా ఇచ్చేది. మిసో ఎందుకు కాదంటే... కార్బోప్రోస్ట్ ఇంకా స్ట్రాంగ్ కాబట్టి అనుకుంటున్నా.

మళ్ళీ_రాస్తా | ఉదయం 8:30

నాది సి. ఆయాసం ఉంది అన్నారు కదా మేడం, కార్బోప్రోస్ట్ ఇస్తే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. ఆయాసం లేకపోతే తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అయ్యేది. మెగ్నీషియం గర్భసంచిని ఇంకా వదులు చేస్తుంది.

గైనిక్_పీజీ | ఉదయం 9:10

సి కరెక్ట్. తెనాలి తమ్ముడూ, నువ్వు చాలావరకు వచ్చేశావు, మిసో ఎందుకు కాదు అన్న దగ్గర నీకే డౌట్ వచ్చింది చూడు, మూడు చుక్కలు పెట్టావు. ఆ చుక్కల దగ్గర ఆగి కథ మళ్ళీ చదవాలి. ఇన్‌హేలర్ అన్న మాట నేను ఊరికే రాయలేదు. బీపీ మాట ఎ ని కొట్టేయడానికి, ఇన్‌హేలర్ మాట బి ని కొట్టేయడానికి, మాయ మొత్తం వచ్చింది చిరుగుల్లేవు అన్నది వేరే కారణాలు వెతకొద్దు అని చెప్పడానికి. మంచి కేస్ క్వశ్చన్‌లో ప్రతి ముక్కా ఏదో ఒక ఆప్షన్ పని పట్టడానికే ఉంటుంది. ఆన్సర్ పెట్టాక కథలో ఏ ముక్కనీ వాడుకోకుండా మిగిల్చానా అని చూసుకోండి. మిగిలితే నూటికి తొంభైసార్లు మీరు తప్పు పెట్టినట్టే, ఇది నా అనుభవంలో మాట.

ఇదే కథకి ఇంకో ప్రశ్న రావచ్చు, ట్రానెక్సమిక్ యాసిడ్ ఎప్పటిలోపు ఇవ్వాలి అని. కాన్పు అయిన 3 గంటల లోపు, 1 గ్రాము నరానికి. 2017 లో వచ్చిన ఉమన్ ట్రయల్ తర్వాత అది అన్నిచోట్లా పాకింది. లేబర్ రూమ్‌లో చెప్పాలంటే ఆక్సిటోసిన్ ఎక్కుతుండగానే పక్కన అది కూడా ఎక్కుతుంటుంది, ఒకటి అయ్యాక ఒకటి అని కూర్చోం. పరీక్షలో మాత్రం తర్వాత ఏంటి అని అడుగుతారు కాబట్టి వరస తెలిసుండాలి.

తెనాలి_తమ్ముడు | ఉదయం 9:22

అర్థమైంది అక్కా. నేను ఇన్‌హేలర్ చదివాను, కానీ పాత జబ్బు వివరం అనుకుని దాటేశాను.

మళ్ళీ_రాస్తా | మధ్యాహ్నం 1:45

నా సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. పోయిన అటెంప్ట్ ముందు ఒక గ్రూపులో రీకాల్స్ (పరీక్ష రాసినవాళ్ళు గుర్తుంచుకుని చెప్పిన పాత ప్రశ్నలు) పీడీఎఫ్ కొన్నాను, 3 వేలు తీసుకున్నారు. రెండు నెలలు పుస్తకాలన్నీ పక్కన పెట్టి అదే బట్టీపట్టాను. అందులో ఛాతీనొప్పి, ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్స్‌లో ఎస్టీ పైకి, ఆన్సర్ నైట్రోగ్లిజరిన్ అని ఒకటి ఉంది. తర్వాత ఒక గ్రాండ్ టెస్ట్‌లో అలాంటి కథే కనపడింది, చూడగానే సంతోషంతో నైట్రోగ్లిజరిన్ కొట్టేసి వెళ్ళిపోయాను. తప్పు. ఇంటికొచ్చి చూసుకుంటే కథలో బీపీ 80/60, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తులు క్లియర్ అని రాసి ఉంది. నేను అంతవరకు చదవనే లేదు. అప్పుడు చాలా ఏడ్చాను. డబ్బు పోయినందుకు కాదు, రెండు నెలలు పోయినందుకు.

న్యూజెర్సీ_రెసిడెంట్ | మధ్యాహ్నం 3:10

అమ్మా, నేను ఎఫ్‌ఎంజీఈ రాయలేదు, కాకినాడలో చదివి యూఎస్‌ఎంఎల్‌ఈ (అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్ష) రాసి ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ చేస్తున్నాను, మీ కేసు చూసి రాయకుండా ఉండలేకపోయాను. అది కుడి జఠరిక ఇన్‌ఫార్క్షన్, అంటే గుండె కుడి కింది గదికి వచ్చిన గుండెపోటు. గుండె కింది గోడ దెబ్బతిన్నప్పుడు చాలామందిలో కుడి పక్క కూడా దెబ్బతింటుంది. కుడి జఠరిక సరిగా కొట్టుకోలేకపోతే వెనక మెడ నరాల్లో రక్తం నిలిచిపోతుంది, ముందుకు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళదు, అందుకే ఊపిరితిత్తులు క్లియర్. అలాంటి గుండె వెనక నుంచి వచ్చే రక్తం తోపుడు మీదే బతుకుతుంది. నైట్రోగ్లిజరిన్ ఆ తోపుడునే తగ్గించేస్తుంది, బీపీ ఢమాల్‌మని పడిపోతుంది. సెలైన్ ఎక్కించాలి, ఈసీజీలో కుడి వైపు వీ4ఆర్ లీడ్ పెట్టి చూడాలి, మూసుకున్న నాళం తెరిపించే ఏర్పాటు ఆలస్యం చేయకూడదు. ఈమధ్య సిల్డెనాఫిల్ వేసుకున్నారా అని అడగడం కూడా మర్చిపోవద్దు, వేసుకుని ఉంటే మామూలు ఇన్‌ఫార్క్షన్ అయినా నైట్రేట్ ఇవ్వకూడదు.

ఇక్కడి క్వశ్చన్లు ఇంకా పొడుగు, ఒక్కోటి పేజీ సగం ఉంటుంది, ల్యాబ్ రిపోర్టుల పట్టీ వేరే. నాకు పనికొచ్చింది ఒక్కటే, కథ అంతా చదివాక దాన్ని ఒక్క వాక్యంలో చెప్పడం. పొద్దున రౌండ్స్‌లో సీనియర్‌కి చెప్తాం చూడండి అలా. మీ కేసు అయితే, కింది గోడ ఇన్‌ఫార్క్షన్, బీపీ లేదు, మెడ నరాలు ఉబ్బాయి, ఊపిరితిత్తులు క్లియర్. ఇలా నోటితో అంటే నైట్రోగ్లిజరిన్ ఇవ్వబుద్ధి కాదు ఎవరికీ.

వేదిక_నిర్వాహకులు | మధ్యాహ్నం 3:40

సభ్యులకు ఒక మనవి. పరీక్షలో వచ్చిన ప్రశ్నల్ని బయటపెట్టబోమని ఈ పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌బీఈఎంఎస్‌కి మీరు ఒప్పుకుని రాస్తారు. రీకాల్స్ ఇక్కడ పెట్టినా, అమ్మకానికి లింకులు ఇచ్చినా తీసేస్తాం. సొంతంగా రాసిన కేసులు ఎన్నైనా పెట్టండి.

పల్లెడాక్టర్ | సాయంత్రం 5:30

ఒకటి నా వంతు. ఇది మన ఊళ్ళ కేసు.

9 ఏళ్ళ పాప, ఆగస్టు నెల, గుడిసెలో నేల మీద పడుకుంది. తెల్లవారుజామున 4 గంటలకి కడుపునొప్పి అని లేచింది, రెండు వాంతులు. ఒంటి మీద ఎక్కడా వాపు లేదు, గాటు లేదు. 6 గంటలకి కనురెప్పలు వాలిపోయాయి, నీళ్ళు మింగలేకపోతోంది. జ్వరం లేదు, తెలివిలోనే ఉంది. 20 నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టింది. ఏంటిది?

ఎ. రక్తపింజర కాటు
బి. కట్లపాము కాటు
సి. నాగుపాము కాటు
డి. డిఫ్తీరియా తర్వాత వచ్చే పక్షవాతం

కొత్తగూడెం_కుర్రాడు | సాయంత్రం 5:52

బి సార్, కట్లపాము. మేడం చెప్పినట్టు ముక్క ముక్క చూసుకుంట రాస్తున్న. రాత్రి, నేల మీద పడుకుంది, గాటు కనపడట్లేదు, కడుపునొప్పితోని లేచింది, ఇవన్నీ కట్లపాముకే. రెప్పలు వాలుడు నాగుపాముల కూడా ఉంటది కానీ దానికి కరిచిన కాడ వాపు, నొప్పి బాగ ఉండాలె, ఇక్కడ ఏం లేదు. రక్తం గడ్డకట్టింది, వాపు లేదు, కాబట్టి రక్తపింజర కాదు. డిఫ్తీరియా అయితే వారాల ముందు గొంతునొప్పి జ్వరం కథ ఉండాలె, రెండు గంటలల్ల ఇట్ల రాదు. ఏ ముక్కా మిగల్లేదు.

పల్లెడాక్టర్ | సాయంత్రం 6:05

భేష్. ఇప్పుడు రెండో ప్రశ్న, యాంటీ స్నేక్ వీనం ఎన్ని వయల్స్?

తెనాలి_తమ్ముడు | సాయంత్రం 6:11

పాప కదా సార్, బరువుని బట్టి తగ్గించాలి. 5?

నైట్_స్టాఫ్‌నర్స్ | సాయంత్రం 6:20

తగ్గించరు తమ్ముడూ. పిల్లలకీ పెద్దలకీ 10 తోనే మొదలు. పాము పిల్లల్ని చూసి విషం తక్కువ వదలదు కదా, మనం విరగ్గొట్టాల్సింది విషాన్ని. చిన్నపిల్లలకి కలిపే సెలైన్ మాత్రం బరువుని బట్టి చూసుకుంటారు.

20 నిమిషాల టెస్ట్ గురించి ఒకటి చెప్పాలి. పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులోనే చేయాలి, ప్లాస్టిక్‌లో కాదు, కదపకుండా అలా వదిలేయాలి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట గాజు ట్యూబులు సబ్బునీళ్ళతో కడిగి మళ్ళీ వాడేవారు. ఒకరోజు ఒకతనికి రక్తం గడ్డకట్టలేదు అని కంగారుపడ్డాం, కొత్త ట్యూబులో చేస్తే చక్కగా కట్టింది. సబ్బు ఉంటే రక్తం కట్టదట. ఆ రోజు నుంచి ట్యూబులు నేనే తీసి ఇస్తున్నాను.

దవావో_రిటర్న్ | సాయంత్రం 6:48

నియోస్టిగ్మిన్ ట్రాప్ కూడా ఉంది ఇందులో. నాగుపాము విషం కండరం వైపు రిసెప్టర్ల మీద కూర్చుంటుంది, నియోస్టిగ్మిన్ ఇస్తే అసిటైల్‌కోలిన్ (నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం) పెరిగి పోటీపడి గెలుస్తుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది, అక్కడ అసిటైల్‌కోలిన్ బయటికే రాకపోతే దాన్ని కాపాడి ఏం లాభం, అందుకే సరిగా పనిచేయదు. ఈ పాపకి ఊపిరి చూసుకోవడమే ముఖ్యం, రోజుల తరబడి వెంటిలేటర్ పట్టొచ్చు, అయినా లేచి కూర్చుంటారు. నియోస్టిగ్మిన్‌ని అట్రోపిన్‌తో కలిపి ఒకట్రెండు డోసులు ఇచ్చి చూస్తారు, మార్పు లేకపోతే ఆపేస్తారు.

ఇంకోటి కొత్తగూడెం బ్రో, నువ్వు సబ్జెక్టుల వారీగా ఎక్కడ పోతున్నావో లెక్కేశావా? జనరల్ మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ (కాన్పులు, ఆడవాళ్ళ జబ్బులు) 30, కమ్యూనిటీ మెడిసిన్ 30, ఈ నాలుగే 125 మార్కులు. పిల్లలు, కన్ను, ఈఎన్‌టీ తలా 15. మొత్తం 300 లో 200 క్లినికల్ సబ్జెక్టులవే. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ కలిపినా 51.

కొత్తగూడెం_కుర్రాడు | రాత్రి 9:15

ఇయ్యాల కూసోని లెక్క చేసిన అక్క. ఆఖరి ఆరు గ్రాండ్ టెస్టులల్ల తప్పులన్నీ తీసి మూడు కుప్పలు చేసిన. అసలు తెలియక పోయినయ్ ఒక కుప్ప, తెలిసి కూడా కథల ముక్క వదిలేసినయ్ ఒక కుప్ప, ఆన్సర్ కరెక్ట్ పెట్టి మళ్ల మార్చినయ్ ఒక కుప్ప. నడిమి కుప్పే పెద్దగుంది. నేను ఇన్నిరోజులు తెలియదు అనుకుని వీడియోలు మళ్ల మొదటి నుంచి చూస్తున్న, అవి 500 గంటలకు పైనే ఉన్నయ్.

కమ్యూనిటీ మెడిసిన్ల కూడా చానా పోతున్నయ్. అందుకే దాంట్లనే ఒక కేసు సొంతంగ రాసిన, తప్పులుంటే చెప్పండి. మా పెద్దమ్మ వాళ్లది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర, చిన్నప్పుడు ఎండకాలం సెలవులకి పోయేది, అక్కడ చూసిందే రాసిన.

11 ఏళ్ల పిలగాడు, పుట్టినప్పటి నుంచి బోరు నీళ్లే తాగుతుండు. పళ్ల మీద సున్నం లెక్క తెల్ల మచ్చలు, నడుమ గోధుమరంగు చారలు. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నయ్. వాళ్ల తాతకి నడుం వంగదు, మెడ తిరగదు. ఊళ్లె ఇట్లాంటోళ్లు చానామంది ఉన్నరు. ఏంటిది?

ఎ. విటమిన్ డి లోపం
బి. ఫ్లోరోసిస్
సి. స్కర్వీ
డి. సీసం విషం

గైనిక్_పీజీ | రాత్రి 10:02

కేసు చాలా బాగా రాశావు తమ్ముడూ, తాతని తీసుకురావడం ఇంకా బాగుంది. చిన్న సవరణ: ఎ ఇంకా గట్టిగా బతికే ఉంది ఇందులో. మోకాళ్ళు వంగడం రికెట్స్‌లో కూడా ఉంటుంది కాబట్టి దాన్ని కొట్టేయడానికి ఒక ముక్క కావాలి. ఎక్స్‌రేలో తాత ఎముకలు తెల్లగా గట్టిగా కనపడ్డాయి, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో కాల్షియం పేరుకుంది అని ఒక లైన్ పెట్టు.

పల్లెడాక్టర్ | రాత్రి 10:20

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత అన్నది కూడా పెట్టు, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాన్ని తీసే పద్ధతి మీ పెద్దమ్మ వాళ్ళ జిల్లా పేరుతోనే ఉంది, నల్లగొండ టెక్నిక్, నాగపూర్‌లో పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థ వాళ్ళది. సున్నం, పటిక వేసి తేర్చడం, క్రిమిసంహారానికి బ్లీచింగ్ పౌడర్. నీ కేసులో వంగిన మోకాళ్ళు ఉన్నాయి కదా, ఫ్లోరైడ్ ప్రాంతంలో ఆ మోకాళ్ళ సంగతి 1973 లో హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలు రాసింది. మన ఊళ్ళవాళ్ళ కాళ్ళు చూసి రాసిందే పుస్తకాల్లోకి ఎక్కింది, మనం మాత్రం పుస్తకంలో చదివి బట్టీ కొడుతున్నాం.

మళ్ళీ_రాస్తా | రాత్రి 10:41

ఒక డౌట్ సార్, పన్నెండేళ్ళ వయసులో ఆ ఊరికి కొత్తగా వచ్చిన పిల్లకి పళ్ళ మీద మచ్చలు వస్తాయా?

పల్లెడాక్టర్ | రాత్రి 10:50

మంచి ప్రశ్న. రావు, జ్ఞానదంతాల మాట పక్కన పెడితే. మచ్చ పడేది పన్ను పైపొర తయారయ్యే వయసులో, దాదాపు 8 ఏళ్ళ లోపు. ఎముకలకి మాత్రం ఏ వయసులోనైనా వస్తుంది. దీన్నే కేసుగా రాసి రేపు పెట్టమ్మా.

నైట్_స్టాఫ్‌నర్స్ | రాత్రి 11:25

డ్యూటీలో ఉన్నాను, ఇప్పుడు ఖాళీ దొరికింది. పిల్లల వార్డు కేసు ఒకటి రాశాను, తప్పులుంటే డాక్టర్లు సరిచేయండి.

8 నెలల బాబు, 7 కేజీలు, ముందు నుంచి బలహీనంగా ఉన్న పిల్లాడు కాదు, బాగా పెరుగుతున్నవాడే. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. మగతగా ఉన్నాడు, కళ్ళు లోపలికి పోయాయి, పాలు తాగట్లేదు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లకి పైగా అలాగే నిలబడుతోంది. ఏం చేస్తారు?

ఎ. ఓఆర్ఎస్ కేజీకి 75 ఎంఎల్, 4 గంటల్లో
బి. రింగర్ లాక్టేట్ కేజీకి 30 ఎంఎల్ అరగంటలో, తర్వాత 70 ఎంఎల్ రెండున్నర గంటల్లో
సి. రింగర్ లాక్టేట్ కేజీకి 30 ఎంఎల్ గంటలో, తర్వాత 70 ఎంఎల్ 5 గంటల్లో
డి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ కేజీకి 100 ఎంఎల్, 6 గంటల్లో

కొత్తగూడెం_కుర్రాడు | రాత్రి 11:38

సి సిస్టర్. మగత, తాగట్లేదు, చర్మం చానా మెల్లగ పోతుంది, అంటే సివియర్ డీహైడ్రేషన్, ఒంట్ల నీళ్లు బాగా తగ్గిపోయినయ్, దానికి ప్లాన్ సి, నరానికి సెలైన్ ఎక్కించుడు. ఎ అనేది ప్లాన్ బి, తాగగలిగే పిల్లలకి. డి ల ఉప్పు లేదు, రక్తనాళంల నిలబడదు. బి ఏడాది దాటినోళ్లకి, 8 నెలలు అని మీరు వయసు ఇచ్చింది దీన్ని కొట్టేసేతందుకే. బాగా పెరుగుతున్నవాడే అని ఎందుకు రాసిన్రంటే పోషణ బాగా తక్కువున్న పిల్లగానికి ఇట్ల స్పీడుగ ఎక్కిస్తే గుండె మీద పడతది, వాళ్ల లెక్క వేరే. నరం దొరక్కపోతే ముక్కు ట్యూబుతోని ఓఆర్ఎస్, గంటకి కేజీకి 20 ఎంఎల్.

నైట్_స్టాఫ్‌నర్స్ | రాత్రి 11:44

అన్నీ కరెక్ట్. మరి సెట్ చేతిలో పెట్టి డ్రాప్స్ ఎంత పెట్టమంటారు డాక్టర్ గారూ అని నేను అడిగితే? మా దగ్గర సెట్‌లో 20 డ్రాప్స్ అయితే ఒక ఎంఎల్.

కొత్తగూడెం_కుర్రాడు | రాత్రి 11:53

ఆగండి, కాగితం తీసుకున్న. 7 కేజీలకి 30 అంటే 210 ఎంఎల్, గంటల పోవాలె. 210 ని 20 తోని గుణిస్తే 4200 డ్రాప్స్, 60 తోని భాగిస్తే నిమిషానికి 70. తర్వాత 490 ఎంఎల్ 5 గంటలల్ల, అంటే 9800 డ్రాప్స్ 300 నిమిషాలకి, నిమిషానికి 33 దాకా వస్తది. మొదటి గంట 70 పెట్టండి సిస్టర్, నేను పక్కనే నిలబడి పల్స్ చూస్త. గంట కాంగనే పల్స్ ఇంకా సన్నగనే ఉంటే ఆ 210 ఇంకోసారి పెడదాం, బాగుంటే 33 కి తగ్గించుదాం.

నైట్_స్టాఫ్‌నర్స్ | రాత్రి 11:57

అలాగే డాక్టర్ గారూ. 70 పెట్టాను.